"నాకేం కాదులే" అనిపించిన రోజే జాగ్రత్త: గర్వాన్ని పట్టుకుని శోధనను ఎదిరించడం ఎలా

శోధన, అంటే పాపం వైపు లాగే ప్రలోభం, అనగానే మనకు గుర్తొచ్చేవి మన బలహీనతలే. కోపిష్టి తన కోపం గురించి ప్రార్థన చేయించుకుంటాడు, చూపు అదుపులో లేనివాడు చూపు గురించి, డబ్బంటే ప్రాణం పెట్టేవాడు డబ్బు గురించి. మంచిదే. కానీ బైబిల్లో పెద్దపెద్దవాళ్లు ఎక్కడెక్కడ పడిపోయారో ఒకసారి వరుసగా చూడండి, చాలామంది తమకు బలం ఉందనుకున్న చోటే పడ్డారు. భూమి మీదున్న అందరికంటే సాత్వికుడని సంఖ్యాకాండము 12లో పేరు తెచ్చుకున్న మోషే, అదే పుస్తకం 20వ అధ్యాయంలో జనం మీద మండిపడి, మాట్లాడమన్న బండను రెండుసార్లు కొట్టి, "మేము నీళ్లు రప్పించాలా" అన్నాడు. ఆ దెబ్బతో కనానులో అడుగుపెట్టే అవకాశం పోయింది. జ్ఞానానికి మారుపేరైన సొలొమోను ముసలితనంలో విగ్రహాల వెంట వెళ్లాడు. గెత్సేమనేలో అంతమంది మధ్య కత్తి దూసిన పేతురు, తెల్లారకముందే ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు బెదిరిపోయాడు.

ఎందుకిలా? బలహీనత ఉన్న చోట మనం కాపలా పెట్టుకుంటాం, బలం ఉన్న చోట తలుపు తీసిపెట్టి పడుకుంటాం. గర్వం చేసే అసలు నష్టం ఇదే. పాపాల పట్టికలో అదీ ఒకటి, నిజమే, కానీ మిగతా పాపాలన్నింటికీ తలుపు తీసిపెట్టేది కూడా అదే. అందుకే పౌలు 1 కొరింథీయులు 10లో శోధన గురించి అందరికీ నచ్చే 13వ వచనం రాయడానికి ముందు, ఎవరూ పెద్దగా కంఠస్థం చేయని 12వ వచనం రాశాడు: "తాను నిలుచుచున్నానని తలంచుకొనువాడు పడకుండునట్లు జాగ్రత్తగా చూచుకొనవలెను."

కాబట్టి ఇక్కడ చెప్పబోయేవి ఎక్కువభాగం శోధన రాకముందు చేసుకోవలసిన పనులు. శోధన వచ్చాక చేయగలిగేది చాలా కొద్ది.

ముందు గర్వం ఎక్కడ దాక్కుందో వెతకండి

గొప్పలు చెప్పుకునేవాణ్ని పట్టుకోవడం తేలిక. అతనికి తప్ప అందరికీ తెలుస్తుంది. మన సమస్య ఆ రకం కాదు. మెల్లగా మాట్లాడుతూ, ఆరాధనలో చేతులెత్తుతూ, "అంతా దేవుని కృప" అంటూ కూడా లోపల నిండా గర్వంతో ఉండొచ్చు, పైగా ఆ రకం గర్వాన్ని ఎవరూ గద్దించరు కాబట్టి అది బాగా ఎదుగుతుంది కూడా.

దాన్ని బయటపెట్టే సందర్భాలు కొన్ని ఉన్నాయి. మీ తోటివాళ్లను ఎవరైనా మీ ముందు పొగిడినప్పుడు మీకు "అవును కానీ..." అని ఏదో ఒకటి చేర్చాలనిపిస్తుందా? సంఘంలో ఒకరు పాపంలో దొరికిపోయారని విన్నప్పుడు మొదట కలిగేది బాధా, లేక "నేను ముందే అనుకున్నా" అనే చిన్న సంతృప్తా? నలుగురిలో ప్రార్థన చేసేటప్పుడు ఉన్న భారం ఒంటరిగా ఉన్నప్పుడు ఏమవుతోంది? ప్రసంగం వింటున్నప్పుడు "ఈ మాట ఫలానావాళ్లు వినాల్సింది" అని ఎన్నిసార్లు అనిపిస్తోంది? లూకా 18లో పరిసయ్యుడి ప్రార్థన చూడండి, అందులో అబద్ధమేమీ లేదు, వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్న మాట నిజం, దశమభాగం ఇచ్చిన మాటా నిజం. అతని ప్రార్థనలో లేనిది ఒక్కటే, అడగడం. దేవుణ్ని అతను ఏమీ అడగలేదు, అడగాల్సిన అవసరం కనిపించలేదు.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష మాత్రం, ఎవరైనా మిమ్మల్ని సరిదిద్దినప్పుడు మీలో ఏం జరుగుతుందన్నది. 2 దినవృత్తాంతములు 26లో ఉజ్జియా కథ దీనికోసమే చదవాలి. పదహారేళ్లకే రాజయ్యాడు, 52 ఏళ్లు ఏలాడు, బురుజులు కట్టించాడు, బావులు తవ్వించాడు, యుద్ధాలు గెలిచాడు, దేవుణ్ని వెదికినంతకాలం బాగా వర్ధిల్లాడు. స్థిరపడ్డాక గర్వించి చెడిపోయాడని 16వ వచనం. ఆ గర్వం అతన్ని ఎక్కడికి తీసుకెళ్లింది? పాడు చోటికేం కాదు. నేరుగా దేవాలయంలోకి, ధూపం వేయడానికి. చూసేవాళ్లకు భక్తిలాగే కనిపించి ఉంటుంది. యాజకుడైన అజర్యా, అతనితో 80 మంది ధైర్యవంతులైన యాజకులు వెళ్లి, ఇది నీ పని కాదు బయటికి వెళ్లు అని చెప్పారు. నాకు ఈ కథలో అసలు మలుపు అక్కడ కనిపిస్తుంది. లోపలికి అడుగుపెట్టిన వెంటనే కుష్ఠు రాలేదు. ధూపార్తి చేతపట్టుకుని, చెప్పినవాళ్ల మీద కోపంతో ఊగిపోతున్నప్పుడు వచ్చింది. అంటే ఆ నిమిషం దాకా వెనక్కి తిరిగే దారి తెరిచే ఉంది, ఆ 80 మంది నిలబడిందే ఆ దారి చూపించడానికి.

దీన్ని మీ మీద పరీక్షించుకోవాలంటే ఒక పని చేయండి. మిమ్మల్ని దగ్గర్నుంచి చూసే ఒకరిని, భర్తనో భార్యనో అమ్మనో తోటి సేవకుణ్నో, కూర్చోబెట్టి "నాతో చెప్పడానికి నువ్వు భయపడుతున్న విషయం ఏదైనా ఉందా?" అని అడగండి. వాళ్లు చెప్పింది పూర్తిగా వినండి. వివరణ ఇవ్వకండి. "అది అలా కాదు, అసలేం జరిగిందంటే" అని మొదలుపెట్టాలని నాలుక దురద పెడుతుంది, కనీసం ఆ రోజంతా ఆపుకోండి. మరుసటి రోజు దాన్ని ప్రార్థనలో దేవుని ముందు పెట్టి, 139వ కీర్తన చివర్లో దావీదు అడిగినట్టు "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని అడిగి, అప్పుడు ఆలోచించండి ఆ మాటలో ఎంత నిజం ఉందో. ఒకవేళ ఎవరూ ఏమీ చెప్పకపోతే సంతోషపడడానికి తొందరపడకండి. మీరు లోపాలు లేనివారు కావచ్చు, లేదా మీకు చెప్పి లాభం లేదని వాళ్లు ఎప్పుడో తేల్చుకుని ఉండొచ్చు. రెండోదానికే అవకాశం ఎక్కువ.

అపవాది మాట తీరు గమనించండి

ఏదెనులో అపవాది, అంటే సాతాను, హవ్వకు చూపించింది పండే అయినా, అమ్మింది మాత్రం "మీరు దేవతలవలె ఉందురు" అనే మాటను. ఆకలి కంటే పైస్థాయి ఆశ అది. అరణ్యంలో యేసు దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఎత్తుగడ అదే, "నీవు దేవుని కుమారుడవైతే" అని మొదలుపెట్టాడు. అంతకు కొద్దిగా ముందే యొర్దాను దగ్గర ఆకాశం నుంచి "ఈయనే నా ప్రియ కుమారుడు" అనే స్వరం వచ్చింది. తండ్రి చెప్పేసిన దాన్ని నువ్వు మళ్లీ నిరూపించుకో అని రెచ్చగొట్టడమే ఆ శోధన. 40 రోజులు తినకుండా ఉన్న మనిషికి రొట్టె చూపిస్తూ కూడా వాడు ముందు గుచ్చింది స్వాభిమానాన్ని.

యేసు జవాబులు చూడండి. మూడూ ద్వితీయోపదేశకాండము నుంచే, 6వ, 8వ అధ్యాయాల్లోవే. ఆ 8వ అధ్యాయం దేని గురించి? దేవుడు ఇశ్రాయేలీయులను 40 ఏళ్లు అరణ్యంలో నడిపించింది వాళ్లను అణచడానికి, వాళ్ల హృదయంలో ఏముందో తెలుసుకోవడానికి అని అందులో ఉంది. కడుపు నిండి మంచి ఇళ్లు కట్టుకున్నాక, ఇదంతా మా బాహుబలంతో వచ్చింది అనుకుంటారేమో జాగ్రత్త అన్న హెచ్చరిక కూడా ఆ అధ్యాయంలోదే. తగ్గించబడడం గురించిన పాఠంలోంచి ఆయన ఆయుధం తీసుకున్నాడు. తానెవరో వాదించలేదు, శక్తి చూపించలేదు, తండ్రి మాట కింద నిలబడ్డాడు, అంతే.

ఆ మూడింటిలో మనకు బాగా తగిలేది దేవాలయ శిఖరం మీది శోధన. అక్కడ అపవాది 91వ కీర్తన ఎత్తి చూపించాడు, వాక్యమే చెప్పాడు. దూకు, దేవుడు పట్టుకుంటాడు. విశ్వాసంలా వినిపించే గర్వం ఇది. ఈ రోజుల్లో దాని మాటలు వేరుగా ఉంటాయి: "నేను ప్రార్థనపరుణ్ని, ఆమెతో గంటలకొద్దీ చాటింగ్ చేసినా నా మనసు చెడదు." "సంఘం డబ్బు నా దగ్గరుంటే ఏం, లెక్కలు ఎవరికైనా చూపించాలా, దేవునికి తెలుసు." "ఇలాంటివి కొత్త విశ్వాసులు చూడకూడదు గానీ నేను చూస్తే ఏమవుతుంది." ఇలా మాట్లాడేవాళ్లందరూ వేషధారులు కారు, చాలామంది నిజంగానే నమ్ముతారు, ప్రమాదం అక్కడే ఉంది. సమ్సోను కూడా నిజంగానే నమ్మాడు. జుట్టు పోయాక కూడా ఎప్పటిలాగే లేచి విదిలించుకుంటాననుకున్నాడు, యెహోవా తనను విడిచిపెట్టాడని అతనికి తెలియలేదని న్యాయాధిపతులు 16:20.

శోధన రాకముందు

మొదటిది ప్రార్థన, అదీ మీ గురించి నిజం చెప్పే ప్రార్థన. "ప్రభువా, ఈ రోజు నాకు విజయం ఇవ్వు" అనడం వేరు, "ప్రభువా, ఈ రోజు రాత్రి అందరూ పడుకున్నాక నేను ఫోన్ పట్టుకుంటే ఎక్కడికి వెళ్తానో నీకు తెలుసు, నాకూ తెలుసు" అనడం వేరు. పరలోక ప్రార్థనలో "మమ్మును శోధనలోకి తేక" అన్న మాట యేసు ఎవరికి నేర్పాడు? శిష్యులందరికీ. ఇన్నేళ్ల విశ్వాసం తర్వాత ఇక ఈ మాట అక్కర్లేదు అని ఆయన ఎక్కడా అనలేదు. గెత్సేమనేలో పేతురు తప్పు ఇదే. కొన్ని గంటల ముందు "అందరు అభ్యంతరపడినను నేను" పడను అని ఒట్టేసి చెప్పినంత పని చేశాడు, "మెలకువగా నుండి ప్రార్థన చేయుడి" అంటే మాత్రం నిద్రపోయాడు. చావడానికి సిద్ధమన్న మనిషి ఒక గంట మెలకువగా ఉండలేకపోయాడు. తన మాట మీద తనకు అంత నమ్మకం ఉన్నప్పుడు ప్రార్థన దేనికి మరి! మీలో గర్వం ఎంతుందో కొలవాలంటే మీ మాటలు వినక్కర్లేదు, మీ ఏకాంత ప్రార్థన ఎంతసేపు సాగుతోందో చూసుకుంటే చాలు.

రెండోది, పారిపోవడానికి సిగ్గుపడకపోవడం. యాకోబు 4:7 అపవాదిని ఎదిరించమంటుంది, పౌలు మాత్రం జారత్వం నుంచి, యౌవనేచ్ఛల నుంచి పారిపొమ్మంటాడు. కొన్నిటి ముందు నిలబడి గెలవాలనుకోవడమే గర్వం. యోసేపు పోతీఫరు భార్యతో రోజూ వాదించి ఆమెను మార్చాలని చూడలేదు, ఆమె దగ్గర ఉండడానికే ఒప్పుకోలేదు, చివరికి పై వస్త్రం ఆమె చేతిలో వదిలేసి బయటికి పరుగెత్తాడు. పరువు కూడా అక్కడే వదిలేశాడు, ఆ వస్త్రాన్నే సాక్ష్యంగా చూపించి జైల్లో వేయించారు కదా. మీ విషయంలో పారిపోవడం అంటే చాలా మామూలు పనులే: ఆ యాప్ తీసేయడం, ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోవడం, డబ్బు లెక్కలు ఇద్దరు చూసేలా ఏర్పాటు చేసుకోవడం, ఆ ఒక్క వ్యక్తిని ఒంటరిగా కలవకపోవడం, ఆ స్నేహితులు పిలిచిన చోటికి రానని చెప్పేయడం. "ఇంత అవసరమా, నువ్వు మరీ అంత బలహీనుడివా?" అని ఎవరైనా నవ్వొచ్చు. అవును, బలహీనుణ్నే అని ఒప్పుకోండి. ఆ మాట మామూలుగా, ముఖం చిన్నబుచ్చుకోకుండా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

మూడోది చాలామంది దాటవేసేది. మీ శోధన గురించి పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు 5:16 అంటుంటే మనం దేవునితో చెప్పుకున్నాం కదా చాలు అంటాం. దేవునితో చెప్పడం ముఖ్యం, క్షమించేది ఆయనే. కానీ ఒక మనిషి ముఖం చూస్తూ చెప్పినప్పుడు విరిగేది వేరే ఉంది, మన ఇమేజ్. ఎవరిని ఎంచుకోవాలి? నోరు జాగ్రత్తగా ఉండేవాళ్లను, మీరు మగవాళ్లైతే మగవాళ్లనే, ఆడవాళ్లైతే ఆడవాళ్లనే, వాక్యంలో మీకంటే ముందున్నవాళ్లను, అన్నిటికంటే ముఖ్యంగా మీరంటే అబ్బురపడనివాళ్లను. మీ అభిమాని మీకు పనికిరాడు, మీరేం చెప్పినా "పర్లేదు బ్రదర్, అందరికీ ఉండేదే" అంటాడు. వాట్సాప్ గ్రూపులో పెట్టే విషయం కూడా కాదు ఇది. చెప్పేటప్పుడు సూటిగా చెప్పండి. "కొంచెం ఆత్మీయ పోరాటంలో ఉన్నాను, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అంటే ఎదుటివాళ్లకు ఏమీ అర్థం కాదు, మనం అలా చెప్పేదే అర్థం కాకూడదని. ఏం జరిగింది, ఎన్నిసార్లు, ఎప్పుడు, ఎవరితో, అలా చెప్పాలి. పడ్డాక చెప్పడం కంటే లాగుతున్నప్పుడే చెప్పడం ఇంకా మంచిది, అప్పటికింకా సిగ్గు తక్కువుంటుంది, దారి ఎక్కువుంటుంది.

శోధన ఎదురుగా నిలబడ్డాక

ఇక్కడ సుదీర్ఘంగా ఆలోచించే టైమ్ ఉండదు. యాకోబు 4:7లో వరుస గుర్తుంటే చాలు: ముందు దేవునికి లోబడడం, తర్వాత అపవాదిని ఎదిరించడం. మనం తరచుగా రెండోదాంతో మొదలుపెట్టి, గట్టిగా గద్దించి, తర్వాత వాడెందుకు పోలేదా అని ఆశ్చర్యపోతాం. దాని ముందు వచనంలోనే ఉంది, దేవుడు అహంకారులను ఎదిరించి దీనులకు కృప ఇస్తాడని. ఒకవైపు దేవుడు నన్ను ఎదిరిస్తుంటే ఇంకోవైపు నేను అపవాదిని ఎదిరించి గెలిచేదెలా? కాబట్టి మొదటి మాట "ప్రభువా, ఇది నా చేత కాదు" అయి ఉండాలి. ఆ తర్వాత వెంటనే లేవండి. అక్కణ్నుంచి కదలండి. ఆ ఒక్క మనిషికి ఫోన్ చేయండి.

1 కొరింథీయులు 10:13లో చెప్పిన తప్పించుకునే మార్గం గురించి ఒక మాట. ఆ మార్గం దొరకలేదని చాలామంది అంటారు. ఉంటుంది, కానీ అది తరచుగా మన పరువు తీసే మార్గం. నలుగురి మధ్యలోంచి లేచి వచ్చేయాలి, "నేను ఇది చూడలేను" అనాలి, రాత్రి పన్నెండింటికి ఎవరినో నిద్రలేపాలి, మాట ఇచ్చిన చోటికి వెళ్లకుండా మానేయాలి, వాదనలో గెలిచే మాట నాలుక మీద ఉన్నా మింగేసి ఎదుటివాడే గెలిచాడనిపించుకోవాలి. మనకు కావాల్సింది పెద్దరికం పోకుండా బయటపడే దారి. అది ఇస్తానని పౌలు రాయలేదు.

అన్నీ బాగున్న రోజుల్లో

శోధన గెలిచిన మరుసటి రోజు, ప్రసంగం బాగా కుదిరిన రోజు, ఉపవాసం ముగిసిన రోజు, ఇవి చాలా జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు. 399లో చనిపోయిన ఎవాగ్రియస్ అనే ఎడారి సన్యాసి మనిషిని పట్టి పీడించే చెడు తలంపులు ఎనిమిదని రాస్తూ తిండిపోతుతనాన్ని మొదట, గర్వాన్ని చివర పెట్టాడు. మిగతావాటితో పోరాడి గెలిచినవాడి దగ్గరికి, ఆ గెలుపునే పట్టుకుని కీర్తి కాంక్ష వస్తుందని ఆయన అనుభవం. రాజైన హిజ్కియా కథ కూడా ఇదే. జబ్బు చేసి గోడవైపు తిరిగి ఏడ్చినప్పుడు బాగానే ఉన్నాడు. 15 ఏళ్ల ఆయుష్షు పెరిగాక, బబులోను నుంచి రాయబారులు పలకరించడానికి వస్తే, ఖజానా అంతా తెరిచి చూపించాడు, తన ఇంట్లో తన రాజ్యంలో చూపించనిది ఒక్కటీ లేదట. బాగు చేసిన దేవుని గురించి ఒక్క మాటైనా చెప్పినట్టు అక్కడ రాసిలేదు.

పొగడ్త వచ్చినప్పుడు ఏం చేయాలి? "థాంక్స్" అనండి, మాట మార్చండి. "అయ్యో నాదేముంది, నేనెంతవాణ్ని" అని సాగదీస్తే ఎదుటివాళ్లు ఇంకో రెండు పొగడ్తలు చేర్చాల్సి వస్తుంది, అది మనకూ తెలుసు. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పనిలో చేయి వేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే దేవుని ముందు చెప్పి కృతజ్ఞత చెప్పండి, నేర్పినవాళ్లు, డబ్బు ఇచ్చినవాళ్లు, ప్రార్థించినవాళ్లు, కుర్చీలు వేసినవాళ్లు. 1 కొరింథీయులు 4:7లో పౌలు అడిగినట్టు, మనం ఇంకొకరి వల్ల పొందనిది అసలేముంది? ఆ పట్టిక పూర్తయ్యేసరికి మన వాటా ఎంత మిగులుతుందో చూసుకోవచ్చు.

ఇంకో రెండు అలవాట్లు. ఒకటి, ఎవరికీ తెలియని మంచి పని వారానికి ఒకటైనా చేయడం. ఫోటో తీయకుండా, సాక్ష్యంలో చెప్పకుండా, ఇంట్లో కూడా చెప్పకుండా. మత్తయి 6లో దానం, ప్రార్థన, ఉపవాసం మూడింటి గురించీ యేసు చెప్పింది ఇదే, రహస్యంగా. మొదట్లో చెప్పకుండా ఉండలేక సతమతమవుతారు, ఆ ఇబ్బందిని బట్టే తెలుస్తుంది అంతకుముందు చేసినవి ఎవరి కోసం చేశామో. రెండోది, మీకు ఎవరి మీద అసూయ ఉందో వాళ్ల పేరు పెట్టి, వాళ్ల పరిచర్య మీదానికంటే ఎక్కువగా ఎదగాలని ప్రార్థన చేయడం. జనమంతా యేసు దగ్గరికి పోతున్నారని తన శిష్యులు వచ్చి ఫిర్యాదు చేస్తే బాప్తిస్మమిచ్చు యోహాను "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అన్నాడు కదా. ఆ వచనం మనం యేసు విషయంలో తేలిగ్గా చెప్పేస్తాం. పక్క సంఘం పాస్టర్ విషయంలో, మనకంటే బాగా పాడే అమ్మాయి విషయంలో నోరు రాదు. అక్కడే ప్రాక్టీసు కావాలి.

సంఘ పెద్దలకు ఒక విన్నపం కూడా. నిన్న మారుమనస్సు పొందినవాణ్ని ఈ రోజు స్టేజీ ఎక్కించి నాయకుణ్ని చేయకండి. కొత్తగా చేరినవాడు అధ్యక్షుడైతే గర్వాంధుడై అపవాదికి వచ్చిన శిక్షావిధిలోనే పడతాడని 1 తిమోతి 3:6 సూటిగా చెబుతోంది.

తగ్గించుకోవడం అంటే ఇది కాదు

తనను తాను తిట్టుకోవడం దీనత్వం కాదు. "నేను దేనికీ పనికిరాను" అని రోజంతా తన గురించే మాట్లాడేవాడు, రోజంతా తన గొప్పలే చెప్పేవాడు, ఇద్దరి ఆలోచనలోనూ మధ్యలో కూర్చున్నది తానే. దేవుడు ఇచ్చిన వరాన్ని వాడకుండా పక్కన పెట్టి దాన్ని వినయం అనుకోవడం కూడా పొరపాటే. కొలొస్సీయులు 2లో పౌలు, వినయం పేరుతో చూపించే కొన్ని కఠిన నియమాల గురించి, అవి జ్ఞానంలా కనిపిస్తాయి గానీ శరీరేచ్ఛలను ఆపడానికి ఏమీ పనికిరావని రాశాడు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఇంట్లో కొడుతున్నా, సంఘంలో మోసం జరుగుతున్నా, పిల్లల మీద అఘాయిత్యం జరిగినా "తగ్గించుకో తల్లీ, మౌనంగా ఉండు" అని చెప్పేవాళ్లున్నారు. అది దీనత్వం పేరుతో పాపాన్ని కాపాడడం. యేసును బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు, నేను కాని మాట ఆడితే అదేమిటో చెప్పు, మంచి మాటైతే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. పౌలు కొరడా దెబ్బలకు ముందు తన రోమా పౌరసత్వం గుర్తుచేశాడు, అంతియొకయలో పేతురు తప్పు చేస్తే అందరి ఎదుటే నిలదీశాడు. మీకు అన్యాయం జరుగుతుంటే సాయం అడగడానికి, ఫిర్యాదు చేయడానికి దీనత్వం అడ్డు రాదు. ఒంటరిగా మోయగలను అనుకోకుండా సాయం అడగడమే దీనత్వానికి దగ్గర.

పడిపోయాక

ఇక్కడ గర్వం ఇంకో వేషంలో వస్తుంది. "నేనేనా ఇలా చేసింది? నేనిలా ఎలా చేయగలిగాను?" అని రోజులకు రోజులు కుమిలిపోవడం పశ్చాత్తాపంలా కనిపిస్తుంది గానీ అందులో సగం దెబ్బతిన్న అహమే. మన గురించి మనం వేసుకున్న అంచనా కూలిపోయినందుకు ఏడుస్తున్నాం, గాయపడిన దేవుని గురించీ మనుషుల గురించీ కాదు. యేసును అప్పగించిన యూదా తన తప్పు ఒప్పుకున్నాడు, డబ్బు కూడా తిరిగి పారేశాడు, కానీ యేసు దగ్గరికి తిరిగి రాలేదు. పేతురు వచ్చాడు. యోహాను 21లో యేసు అతన్ని అడిగిన మొదటి ప్రశ్న గమనించండి, "వీరికంటె" నన్ను ఎక్కువగా ప్రేమిస్తున్నావా అని. అందరూ పడిపోయినా నేను పడను అని పోల్చుకున్న మనిషిని సరిగ్గా ఆ పోలిక దగ్గరే అడిగాడు. పేతురు ఈసారి పోల్చుకోలేదు, మూడుసార్లూ "నీవే యెరుగుదువు" అన్నాడు.

రాజులైన సౌలు, దావీదు ఇద్దరూ "నేను పాపము చేసితిని" అన్నవాళ్లే. సౌలు అదే నోటితో, అయినా జనుల పెద్దల ముందు నన్ను ఘనపరచు అని సమూయేలును బతిమాలాడు. పాపం బయటపడినందుకు కంటే పరువు పోతున్నందుకు ఎక్కువ కంగారుపడ్డాడు. ప్రవక్త నాతాను వేలు చూపించినప్పుడు దావీదు నోట ఆ ఒక్క వాక్యమే వచ్చింది, వెనక ఏ "అయినా" లేదు.

కాబట్టి పడిన రోజే ఒప్పుకోండి, మంచి మూడ్ వచ్చేదాకా, కాస్త పరిశుద్ధంగా అనిపించేదాకా ఆగకండి. దేవునితో, ఆ ఒక్క మనిషితో, మీ వల్ల గాయపడినవాళ్లతో. క్షమాపణ అడిగేటప్పుడు కారణాలు చెప్పకండి, ఆ రోజు ఒంట్లో బాగోలేదనీ, వాళ్లు కూడా అలా అనడం వల్లే అనీ చెబుతుంటే అది వాదన అవుతుంది. డబ్బు తీసుకుంటే తిరిగి ఇవ్వండి, జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. వాళ్లు వెంటనే క్షమించాలని, "పర్లేదు" అనాలని ఎదురుచూడకండి, అది వాళ్ల సమయం. చట్టం దృష్టిలో నేరం అయినదైతే అధికారుల ముందుకు వెళ్లడం కూడా ఒప్పుకోవడంలో భాగమే, సంఘంలో సర్దుకుంటే సరిపోదు.

మీరు బోధకులో, పాటల బృందం నాయకులో, సండే స్కూల్ టీచరో అయి ఉండి పడిన విషయం పెద్దదైతే, ఆ బాధ్యత నుంచి పక్కకు తప్పుకోండి. ఎంతకాలం అన్నది మీరు తేల్చకండి. "నాకు సమాధానం కలిగింది, మళ్లీ మొదలుపెడుతున్నా" అని మీకు మీరే ప్రకటించుకునే హక్కు మీకు లేదు. మీ జీవితం దగ్గర్నుంచి చూస్తున్న పెద్దలకు అది వదిలేసి, వాళ్లు ఇంకా వద్దంటే వెనక వరుసలో కూర్చుని, ఇంకొకరు చెప్పే వాక్యం వినండి.